అండమాన్ తీరములకు ఓడ ప్రయాణము: ఆరోగ్య విషయమున ముందుచూపు

విశాఖపట్టణపు రేవు విడిచిన ఓడ ఆగ్నేయ దిశగా సుమారు 1,200 కిలోమీటర్లు నడచి అండమాన్ ద్వీపముల ముఖ్యపట్టణమును చేరును. ఇందుకు రెండున్నర దినములు పట్టును. సముద్రము పొంగియున్నచో ఇంకను ఎక్కువ పట్టవచ్చును. చెన్నై నుండియు, కలకత్తా నుండియు పోవు ఓడలకును ఇంచుమించు ఇంతే కాలము కావలెను. ఆ ముఖ్యపట్టణమునకు చిరకాలము పోర్టు బ్లెయిర్ అని పేరు. 2024లో దానికి శ్రీ విజయపురము అని నామకరణము జరిగినది. అక్కడ మరల చిన్న ఓడ నెక్కి రెండు గంటల వరకు పోయిన గాని, యాత్రికులు కోరి వచ్చెడి తెల్లని ఇసుక తీరములు గల స్వరాజ్ ద్వీపము కానరాదు. 2018 వరకు దీనిని హావ్‌లాక్ అనెడివారు. పొరుగుననున్న షహీద్ ద్వీపమును నీల్ అనెడివారు. జనుల నోళ్లలో నేటికిని పాత పేర్లు వినబడును గనుక, ప్రయాణము కట్టువారు రెండు పేర్లను ఎరిగియుండుట మంచిది.

ఇట్టి ప్రయాణమునకు చీటీలు కొనుట, బస కుదుర్చుకొనుట, బట్టలు సర్దుకొనుట అందరును శ్రద్ధతో చేయుదురు. ఆరోగ్యమును గూర్చి ఆలోచించువారు తక్కువ. ఒక కుటుంబమును ఊహింపుడు. తాతగారికి రక్తపోటు కలదు. మామ్మగారికి మధుమేహము. కోడలికి ఐదవ నెల. ఆమె పెద్ద కుమారునికి నాలుగేండ్లు. ఊరిలో నున్నప్పుడు వీరిలో ఎవరికి నలతగా నున్నను అరగంటలో వైద్యుని చూడగలరు. నడిసముద్రములో నున్నప్పుడో, రాత్రివేళ పడవలు నడువని దీవిలో నున్నప్పుడో ఆ వసతి లేదు. పెద్ద ఓడలో వైద్యుడుండును; స్వరాజ్ ద్వీపములో ప్రాథమిక ఆరోగ్య కేంద్రము కలదు. కాని గుండెపోటు, తీవ్రమైన గాయము, కాన్పు కష్టము వంటివి సంభవించినచో రోగిని శ్రీ విజయపురములోని గోవింద వల్లభ పంత్ ఆసుపత్రికి పడవ మీదనో హెలికాప్టరు మీదనో చేర్పవలసియుండును. గాలివాన ఉన్నచో ఆ రెండును కదలవు. ఈ ఒక్క విషయమును మనస్సునందుంచుకొని ప్రయాణము కట్టినచో మిగిలినవన్నియు వాటంతట అవే తోచును.

ఎప్పుడు పోవలెను?

అండమాన్ ద్వీపములలో సంవత్సరమునకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము పడును. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనము సముద్రమును కల్లోలపరచును. తరువాత ఈశాన్య గాలులు వీచును. తుపానులు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు పుట్టుచునే యుండును. జనవరి నుండి ఏప్రిల్ వరకు సముద్రము సాధారణముగా నెమ్మదిగా నుండును. పిల్లలతోను, వృద్ధులతోను పోవువారికి ఇదియే తగిన కాలము.

2016 డిసెంబరులో సంభవించిన తుపాను వలన హావ్‌లాక్, నీల్ దీవులలో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకొనిరి. పడవలు నిలిచిపోయినవి, విద్యుచ్ఛక్తికిని అంతరాయము కలిగినది. నౌకాదళపు ఓడలు, హెలికాప్టర్లు వచ్చి వారిని తరలింపవలసి వచ్చినది. ఇట్టి సమయమున మూడు దినములకు లెక్క వేసి మాత్రలు తెచ్చుకొన్న రక్తపోటు రోగి నాలుగవనాడు ఏమి చేయును? ఆ మందు దీవిలోని అంగడిలో దొరకవచ్చును, దొరకకపోవచ్చును. అందుచేత నిత్యము మందు పుచ్చుకొనువారు ప్రయాణ దినములకు సరిపడునంత గాక, మరి పది దినములకు సరిపడు మందును అధికముగా తీసికొని పోవలెను. అందులో సగము పెట్టెలోను, సగము చేతి సంచిలోను ఉంచవలెను. ఓడలో పెద్ద పెట్టెలు ఒకచోట చేర్చుదురు. అవసరమైన క్షణమున అవి చేతికి అందవు. మందుల పేర్లు, మోతాదులు వ్రాసిన వైద్యుని చీటీ కూడ వెంట నుండవలెను.

తిరుగు ప్రయాణమునకు ముందు రాత్రి చిన్న దీవిలో గాక శ్రీ విజయపురములోనే గడుపుట వివేకము. ఒక దినము ఎక్కువ గడచినదని బాధపడువారు, ఓడ తప్పిపోయినప్పుడు పడెడి బాధను తలచుకొన్నచో ఆ దినమును నష్టముగా నెంచరు.

బయలుదేరుటకు ముందు

నెల దినములు ముందుగా వైద్యుని చూచుట ఉత్తమము. ధనుర్వాతపు టీకా కాలము దాటినదా, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు అవసరమా అని అడుగవలెను. ఇవి ఫలమిచ్చుటకు కొంత వ్యవధి కావలెను. ఇటీవల గుండెపోటు వచ్చినవారును, పెద్ద శస్త్రచికిత్స జరిగినవారును వైద్యుడు అనుమతించు వరకు ఈ ప్రయాణమును మానవలెను. గర్భిణులకు నాలుగు మొదలు ఆరు నెలల వరకు ప్రయాణము కొంత సులువు. అంతకు ముందు వాంతులు, అటుపైన కాన్పు భయము ఉండును. ఏ నెలయైనను వైద్యుని సమ్మతి లేక సముద్రమెక్కరాదు.

ఇన్సులిన్ వాడువారు దానిని మంచుముక్కలకు తగులనీయక, ఎండ తగులనీయక, చల్లని చోట నుంచవలెను. తడిగుడ్డ చుట్టిన డబ్బా ఎంతయో మేలు. గడ్డకట్టిన ఇన్సులిన్ మరల కరిగినను పనికిరాదు.

ఓడలో వికారము

సముద్రమునకు అలవాటు లేనివారిలో పెక్కుమందికి మొదటి దినము తల తిరుగును, చెమట పట్టును, నోరూరును, వాంతియగును. దీనిని పిరికితనముగా నెంచి నవ్వువారు కలరు, అది అజ్ఞానము. చెవి లోపలి భాగమున శరీరపు కదలికను గ్రహించు ఒక సున్నితమైన సాధనము కలదు. గదిలో కూర్చుండినవాని కన్ను 'అంతయు నిశ్చలముగా నున్నది' అని మెదడునకు చెప్పును. చెవి 'అంతయు ఊగుచున్నది' అని చెప్పును. ఈ రెండు వార్తలు పొసగకపోవుటయే వికారమునకు మూలము. కనుకనే ఓడపై తట్టున నిలిచి దూరమున ఆకాశమును సముద్రమును కలియు రేఖను చూచువానికి నెమ్మదిగా నుండును. అదే మనుష్యుడు గదిలో పుస్తకము చదువబోయినచో, లేక చేతిలోని ఫోనును చూచినచో, నిమిషములలో కడుపు తిప్పును.

ఓడ మధ్యభాగమునను, క్రింది అంతస్తులలోను ఊపు తక్కువ. పైకి పోయిన కొలదియు, ముందు వెనుకల కొసలకు పోయిన కొలదియు ఊపు హెచ్చు. ఎక్కువ వెల యిచ్చి పై అంతస్తున గది పుచ్చుకొన్నవారు ఎక్కువ ఊగుటయు, సామాన్య తరగతిలో అరల పడకలపై పరుండువారు కొంత నెమ్మదిగా నుండుటయు ఈ ప్రయాణములోని వింత. అయితే క్రింద గాలి తక్కువ. ఇంజిను వాసన, ఇతరుల వాంతుల వాసన వికారమును పెంచును. పగలు పైకి వచ్చి గాలి పీల్చి, రాత్రి క్రింద పరుండుట రెండిటికిని మధ్యేమార్గము. దీవుల మధ్య తిరుగు వేగపు ఓడలలో కొన్నిటికి అన్ని వైపుల మూతలుండును, బయట నిలువనీయరు. అందులో నడుమ వరుసలో చోటు సంపాదించి, కిటికీ నుండి దూరము చూచుట, లేదా కన్నులు మూసికొని తల వెనుకకు ఆనించుట మేలు.

కడుపు నిండ తినుట ఎంత చెడ్డదో ఖాళీ కడుపుతో నుండుటయు అంత చెడ్డది. నూనె వంటకములు, మసాలాలు మాని, ఇడ్లీ, పేలాలు, బిస్కట్లు, పెరుగన్నము వంటివి కొద్దికొద్దిగా పలుమారులు తినవలెను. అల్లపు ముక్క ఉప్పద్దుకొని నమలుట మన ఇండ్లలో పాతకాలపు అలవాటు. దానివలన కొందరికి నిజముగనే గుణము కనబడుచున్నది, హాని లేదు. వికారమును ఆపు మాత్రలు ఓడ కదలుటకు ఒకటి రెండు గంటలు ముందే మ్రింగవలెను. వాంతులు మొదలైన పిమ్మట మ్రింగిన మాత్ర కడుపులో నిలువదు. ఈ మాత్రలు నిద్రమత్తు కలిగించును. మద్యముతో కలిసినచో మిక్కిలి ప్రమాదము. రెండేండ్ల లోపు పిల్లలకు ఇవి తగవు. గర్భిణులును, నీటికాసులు అను కంటి జబ్బు గలవారును, మూత్రము ఆగి ఆగి వచ్చు వృద్ధులును వైద్యునడిగిన గాని వాడరాదు.

పైన చెప్పిన కుటుంబములో ఈ సమయమున ఎక్కువ కనిపెట్టి చూడవలసినది మామ్మగారిని. ఆమె వేళకు మధుమేహపు మాత్ర మ్రింగినది. అన్నము మాత్రము తినలేకపోయినది, తిన్న కొంచెమును వాంతియైనది. రెండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడినచో దానిని ఓడ వికారమేనని విడిచిపెట్టరాదు. రక్తములోని చక్కెర పడిపోయిన లక్షణములవి. తెలివి యున్నంతలో రెండు మూడు చెంచాల పంచదారయో, గ్లూకోజు నీళ్లో వెంటనే త్రాగించి ఓడ వైద్యునికి కబురు పంపవలెను. తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. తిండి తినలేని దినమున మందు ఎంత తగ్గింపవలెనో ఇంటి వైద్యునడిగి ముందే వ్రాసికొనియుండుట సర్వోత్తమము.

వాంతులు, విరేచనములు ఎక్కువైనచో శరీరములోని నీరును, లవణములును పోవును. ఇందుకు ఓ.ఆర్.ఎస్. పొట్లమును మించిన మందు లేదు. ఒక పొట్లము మొత్తము ఒక లీటరు మంచినీటిలో కలిపి, గుక్కగుక్కగా త్రాగింపవలెను. కొద్ది పొడి కొద్ది నీటిలో కలుపుట తప్పు. పొట్లము లేనిచో ఒక లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలుపవచ్చును. ఇచట చెంచా యనగా చిన్న టీ చెంచా. ఈ సామాన్యమైన ద్రవపు మహిమ లోకమునకు తెలిసినది మన దేశముననే. 1971లో తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకుల శిబిరములో, బన్‌గాఁవ్ వద్ద, కలరా ప్రబలినప్పుడు సిరలలోకి ఎక్కించు ద్రవము చాలలేదు. డాక్టరు దిలీప్ మహలనవీసు ఉప్పు, గ్లూకోజు, సోడా ఉప్పు కలిపిన నీటిని పీపాలలో నింపి, రోగుల బంధువుల చేతనే త్రాగింపజేసెను. మరణములు నూటికి ముప్పది వరకు ఉండెడివి నూటికి నాలుగు లోపునకు దిగినవి. శిబిరములో అన్ని ప్రాణములు నిలిపిన పొట్లము ప్రయాణీకుని సంచిలో పట్టెడు చోటు ఆక్రమింపదు.

ఎండ, నీరు, ఆహారము

దీవులలో గడియారము మన గడియారమే. సూర్యుడు మాత్రము వేరు. భారత కాలమానము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడుచును. శ్రీ విజయపురము 93 డిగ్రీలకు సమీపమున నున్నది. అందుచేత అచట మధ్యాహ్నపు సూర్యుడు పండ్రెండింటికి గాక సుమారు పదకొండుంబావునకే నడినెత్తికి వచ్చును. సాయంకాలము ఐదు ఆరు గంటల మధ్యనే చీకటి పడును. ఉదయము తొమ్మిదింటికే మన పది గంటల ఎండ ఉండును. శరీరము గడియారమును చూడదు. తీరమునకు ఉదయము ఎనిమిదిన్నర లోపునను, మధ్యాహ్నము మూడు తరువాతను పోవుట మేలు. తెల్లని ఇసుకయు, నీరును ఎండను ప్రతిఫలింపజేయును. మబ్బు పట్టిన దినమునను చర్మము మాడును. అంచు వెడల్పు గల టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, 30కి తక్కువ కాని సూచిక గల లేపనము వాడవలెను. నీటిలో మునిగి వచ్చిన ప్రతిసారియు లేపనము మరల పూయవలెను. ఎండలో తిరిగినవాడు పొంతన లేని మాటలాడుచు, ఒళ్లు కాలిపోవుచున్నచో అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒంటిపై నీళ్లు పోసి విసరుచునే వైద్యునికై మనిషిని పంపవలెను.

త్రాగు నీరు కాచినదైనను, మూత తీయని సీసాలోనిదైనను కావలెను. మంచు ముక్కలు ఏ నీటితో చేసినవో తెలియదు గనుక వాటిని మానవలెను. కొట్టి యిచ్చిన లేత కొబ్బరిబొండము నిశ్చింతగా త్రాగవచ్చును. చేపలు, రొయ్యలు బాగుగా ఉడికి వేడిగా నున్నవే తినవలెను.

సముద్ర స్నానము

స్వరాజ్ ద్వీపములోని రాధానగర్ తీరము మన దేశమందలి ఉత్తమ తీరములలో నొకటిగా పేరొందినది. అందము వలన అపాయము తగ్గదు. అలలు విరిగి ఒడ్డునకు వచ్చిన నీరు ఒక్కొక్కచోట ఇరుకైన పాయగా కూడి వేగముగా లోనికి మరలిపోవును. అలలు లేక నెమ్మదిగా, రంగు మారి కనబడు ఆ పాయనే తెలియనివారు స్నానమునకు అనువైన చోటని ఎంచుకొందురు. అందులో చిక్కినవాడు ఒడ్డునకు ఎదురీదినచో అలసి మునుగును. ఒడ్డునకు సమాంతరముగా, ప్రక్కకు ఈది ఆ పాయ దాటి, పిమ్మట అలలతో పాటు రావలెను. ఈదలేనివాడు తేలుచు చేయెత్తి కేకవేయవలెను. రక్షకులు ఎఱ్ఱజెండా ఎత్తినచో నీటిలో కాలు పెట్టరాదు. మద్యము త్రాగి సముద్రమున దిగుట కోరి ప్రాణము తీసికొనుటయే. నాలుగేండ్ల పిల్లవాడు మోకాలిలోతు నీటిలో నున్నను పెద్దవారు చేయిపట్టుకొని యుండవలెను. ఒడ్డున కూర్చుండి చూచుచుండిన చాలదు.

ఉప్పునీటి మొసళ్లు ఈ ద్వీపములలో మడ అడవుల దగ్గర, వాగులు సముద్రమున కలియు చోట్ల తిరుగుచుండును. 2010లో హావ్‌లాక్ దీవిలో నీటిలో ఈదుచున్న ఒక విదేశీ యువతి మొసలి వాత బడి మరణించెను. హెచ్చరిక పలకలున్న చోటను, వల కట్టిన హద్దు వెలుపలను, చీకటి పడిన పిమ్మటను నీటిలో దిగరాదు.

జెల్లీ చేప తగిలినచోట నిప్పు అంటుకొన్నట్లు మండును. రుద్దుట, మంచినీటితో కడుగుట రెండును తప్పులే. చర్మమునకు అంటిన విషపు పోగులు దానివలన మరింత రేగును. సముద్రపు నీటితోనే కడిగి, పట్టుకారుతో పోగులు తీసి, ఆ భాగమును తాళగలిగినంత వేడి నీటిలో ఇరువది నిమిషములకు పైగా నుంచవలెను. ఊపిరాడకున్నచో క్షణము ఆలస్యము లేక ఆసుపత్రికి చేర్పవలెను. పగడపు దిబ్బలపై కాలు గీసికొన్నచో గాయము చిన్నదిగా కనబడినను సులభముగా చీము పట్టును. సబ్బుతో, మంచినీటితో బాగుగా కడిగి శుభ్రమైన కట్టు కట్టవలెను. నీటిలోను రబ్బరు చెప్పులు తొడుగుకొన్నచో ఈ బాధ చాలవరకు తప్పును. పగడపు ముక్కలు ఏరి తెచ్చుట చట్టరీత్యా నేరము కూడ.

గాలితిత్తి తగిలించుకొని సముద్రములోనికి మునుగు ఆట ఉబ్బసము, గుండెజబ్బు, చెవిపోటు గలవారికిని, గర్భిణులకును తగదు. మునిగిన తరువాత 24 గంటల వరకు విమానమెక్కరాదు. రక్తమున కరిగిన వాయువు బుడగలుగా మారి పక్షవాతము కూడ కలిగింపగలదు.

దోమలు, తడినేల, అడవి

మలేరియా నికోబారు దీవులలో ఎక్కువ. అండమాన్‌లోను పూర్తిగా లేకపోలేదు. డెంగ్యూ పగటి దోమ వలన వచ్చును. కావున పగలు పొడుగు చేతుల బట్టలు, దోమల మందు పూత, రాత్రి దోమతెర ఉపయోగింపవలెను. సంధ్యవేళ తీరపు ఇసుకలో నుండి లేచు ఇసుక ఈగలు దోమలకంటె చిన్నవి. కుట్టిన చోట గోకినచో వారములు మానని పుండ్లగును. చాపయో తుండో పరచుకొని కూర్చుండవలెను.

ఉత్తర అండమాన్‌లో చిరకాలము జనులను బాధించిన రక్తస్రావముతో కూడిన ఒక జ్వరము లెప్టోస్పైరోసిస్ అని 1990 తరువాత జరిగిన పరిశోధనలలో తేలినది. ఎలుకలు, పశువులు మూత్రము విడిచిన తడినేలలో నుండి ఆ క్రిమి కాలి పగుళ్ల ద్వారా ప్రవేశించును. వర్షాకాలమున అచటి పొలములలో, బురదలో వట్టి కాళ్లతో తిరుగరాదు.

యాత్రికునికి రోగము అంటునని ఇంతవరకు చెప్పబడినది. యాత్రికుని వలన ఇతరులకు రోగము అంటుటయు కలదు. ఈ దీవుల చరిత్రలో అదియే పెద్ద విషాదము. 1858లో బ్రిటిషువారు ఇచట శిక్షాస్థావరము నెలకొల్పిన పిమ్మట బయటివారి వెంట వచ్చిన వ్యాధులు, ముఖ్యముగా 1877లో వ్యాపించిన తట్టు, మహా అండమానీయులను తుడిచిపెట్టినంత పని చేసినవి. నేడు వారు కొద్ది పదులమంది మాత్రమే. 1999లో జారవాలలో సైతము తట్టు వ్యాపించినది. తరతరములుగా ఆ క్రిములను ఎరుగని శరీరములకు మన సామాన్యపు జలుబు కూడ ప్రాణాంతకము కావచ్చును. 1956 నాటి శాసనము ఆదిమ జాతుల నివాసములలో ప్రవేశమును నిషేధించినది. బారాటాంగ్ పోవు దారి జారవాల అడవిగుండ నడుచును. దారిలో వాహనము దిగుట, తినుబండారములు విసరుట, ఛాయాచిత్రములు తీయుట నేరములు. దగ్గు, జ్వరము ఉన్నవారు ఆ దినమున ఆ దారిన పోకుండుటయే న్యాయము. ప్రయాణమునకు ముందు పిల్లలకు తట్టు టీకా పూర్తియైనదో లేదో చూచికొనుట పిల్లల క్షేమమునకే గాక వీరి క్షేమమునకును అవసరము.

జబ్బు పడినచో

2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపవాసులలో నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. వీరిలో పెక్కుమంది పూర్వీకులు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల తీరగ్రామముల నుండి వచ్చినవారే. కావున బాధను మాటలలో చెప్పలేక తికమకపడు తెలుగు రోగికి అచట సహాయపడువారు దొరకుట కష్టము కాదు.

ఇల్లు చేరిన పిమ్మటను కొంత కాలము కనిపెట్టియుండవలెను. మలేరియా సాధారణముగా కుట్టిన వారము మొదలు నెల లోపున బయటపడును. ఒక రకము నెలల తరువాత కూడ రాగలదు. లెప్టోస్పైరోసిస్ రెండు వారముల లోపున కండరముల నొప్పులతో, ఎఱ్ఱబారిన కన్నులతో మొదలగును. తిరిగి వచ్చిన తరువాత చలియు జ్వరమును కలిగినచో అంగడి మాత్రలతో కాలము గడపక, రక్తపరీక్ష చేయింపవలెను. వైద్యునితో మొట్టమొదట చెప్పవలసిన మాట అండమాన్ ద్వీపములకు పోయి వచ్చితిమన్నదియే. ఏ తేదీన వచ్చితిమో, ఏయే దీవులలో తిరిగితిమో కూడ చెప్పవలెను.